మామగారి ఎడమ పక్క

ఆ ఇంట్లో ఉప్పు సీసా జానెడు దూరం జరగాలంటే ముగ్గురు మనుషులు కావాలి.

“అమ్మా, మీ ఆయనతో చెప్పు, ఆ ఉప్పు కాస్త ఇటు జరపమని” అంటారు మామగారు. ఆ ‘మీ ఆయన’ ఎక్కడో పరాయి దేశంలో లేడు. అదే బల్లకి అవతల, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర్లో కూర్చుని ఉంటాడు. చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. మామగారి మాట పూర్తయ్యేలోపే సీసా జరిపేస్తాడు కూడా. అయినా మామగారు దాన్ని ముట్టుకోరు. కూతురు మొగుడి వైపు తిరిగి “ఉప్పు జరపమంటున్నారండీ” అనాలి. అతను “జరిపానని చెప్పు” అనాలి. ఆవిడ “జరిపారట నాన్నా” అనాలి. అప్పుడు గానీ ఆ ఉప్పుకి కూరలో పడే యోగం పట్టదు.

ఆ మొగుణ్ణి వీధిలో అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. డాక్టరు కాదు. డాక్టర్లు జనం నోళ్ళకి తీసిన అచ్చులు అతని దగ్గరికి వస్తాయి. అతను వాటిల్లో ప్లాస్టర్ పోసి, మైనం చెక్కి, గులాబీ రంగు చిగుళ్ళతో కట్టుడు పళ్ళు తయారుచేసి పంపుతాడు. చుట్టుపక్కల పెద్దవాళ్ళలో సగం మంది నవ్వు అతని చేతి చలవే. ఎవరైనా ఎదురొచ్చి నవ్వుతూ పలకరిస్తే తిరిగి నవ్వడు, ముందు ఆ పై వరస సరిగ్గా కూర్చుందో లేదో చూస్తాడు.

అంతటి పనివాడికి ఒక్క నోరు మాత్రం కొరకరాని కొయ్యగా మిగిలింది. అది మామగారిది.

మామగారు సైన్యంలో సామాన్ల విమానం మీద పనిచేసి రిటైరైన మనిషి. నడిపేవారు కాదు. విమానం పొట్టలోకి జీపులూ బస్తాలూ డేరాలూ ఎక్కించి, కదలకుండా పట్టీలు బిగించి, దించాల్సిన చోట దించడం ఆయన ఉద్యోగం. ఆర్డర్లు వెయ్యడానికి అలవాటుపడ్డ నోరది. ఇంటి మనిషి గనక ఆయన నోటి అచ్చు మాత్రం మేస్త్రే తీశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కట్టుడు పళ్ళకి అచ్చు తీసేటప్పుడు నోటినిండా మెత్తటి ముద్ద పెట్టి, కదలకుండా కూర్చోమంటారు. మామగారు కూర్చున్నారు, కానీ మాట్లాడుతూ కూర్చున్నారు. ముద్ద ఎంత గట్టిగా కలపాలో, పళ్ళెం ఎలా పట్టుకోవాలో, మనిషి ఎక్కడ నిలబడాలో, అన్నీ ఆ ముద్దలోంచే చెప్పారు. అచ్చు వంకరపోయింది, దాని మీద చేసిన పళ్ళు వదులయ్యాయి. అప్పటికి పళ్ళ మేస్త్రి కొత్తల్లుడు. “నోరు ముయ్యండి మామయ్యగారూ” అని ఏ కొత్తల్లుడు అంటాడు చెప్పండి?

తర్వాత కొన్నాళ్ళకి పాత సైనికుల సమావేశంలో మామగారు ఉపన్యాసం ఇచ్చారు. “ఆ రోజుల్లో మేము మోసిన భారం...” అని ‘భా’ దగ్గర కాస్త గట్టిగా నొక్కారు. పై సెట్టు ఎగిరి, ఎదురుగా ఉన్న మంచినీళ్ళ గ్లాసులో పడింది. గ్లాసు అంచుకి కూడా తగల్లేదు. వెనక వరసలోంచి ఎవరో పాత దోస్తు “గురి ఇంకా తప్పలేదురోయ్!” అని అరిచాడు. హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ రోజు నుంచి మామగారు కట్టుడు పళ్ళు పెట్టుకోలేదు, అల్లుడితో నేరుగా మాట్లాడనూ లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. ఈ ఇంట్లో ఆ శని కాపురం మార్చి మామగారి నోట్లో దిగింది. కోపం వస్తే పళ్ళు నూరడానికి పళ్ళు కూడా లేవు పాపం, చిగుళ్ళు నూరేవారు.

నవ్వులాటకి చెబుతున్నా గానీ, పళ్ళ మేస్త్రికి అది లోపల ముల్లులా గుచ్చుతూనే ఉండేది. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నవాడు. ఈ ఇంటి అల్లుడయ్యాక, ఒక పెద్దాయన చేత ‘ఏమోయ్ అల్లుడూ’ అనిపించుకోవాలని ఎంత మోజుపడ్డాడో అతనికే తెలుసు. అత్తగారు పోయాక మామగారు వచ్చి వీళ్ళింట్లోనే ఉంటున్నారు. అయినా పలుకు లేదు. ఒక్కసారి, మధ్యలో ఎవరూ లేకుండా, ఒక్క మాట. తిట్టైనా సరే. అతని కోరికంతా అంతే.

ఒకరోజు తండ్రీ కూతుళ్ళు బజారు నుంచి వచ్చారు. మామగారు రుసరుసలాడుతూ కూర్చున్నారు. బొమ్మల కొట్టు అద్దంలో విమానాలు చూశారట, అన్నీ యుద్ధ విమానాలేనట.

“జువ్వలు! ఒక్కదాంట్లో ఒక్క బస్తా ఉల్లిపాయలు పడతాయా? సామాన్ల విమానం ఉందా అంటే, అంత లావుది ఎవరు కొంటారు తాతగారూ అంటాడా కొట్టువాడు! మేం బస్తాలు దించకపోతే ఆ జువ్వలు నడిపేవాళ్ళు ఏం తినేవాళ్ళట?” అని కాసేపు ఊపిరి పీల్చుకుని, “అమ్మా, మీ ఆయనతో చెప్పు. అంత పనిమంతుడైతే నా విమానం చేసి చూపించమను” అన్నారు.

కూతురికి విసుగొచ్చి ఉంది. ఇంట్లో ఆర్డర్ల మీద కేకులు చేసి అమ్ముతుంది ఆవిడ. మైదా కలపాలా, వీళ్ళిద్దరి మధ్య మాటలు మొయ్యాలా?

“సరే నాన్నా, చేస్తారు. అది నీ విమానమేనని నువ్వు ఒప్పుకుంటే, ఆ మాట మాత్రం ఆయనతో నువ్వే చెప్పాలి. నేను మధ్యలో ఉండను” అంది.

మామగారు కాసేపు చిగుళ్ళు నమిలారు. “ఒప్పుకునేలా ఉంటే చూద్దాం. నా విమానానికి ఒక గుర్తుంది. వెనక తలుపు దగ్గర గుండ్రటి కిటికీ ఒకటి పగిలితే, దాని బదులు చదరపు రేకు అతికారు. దాని పక్కనే నా మడత కుర్చీ. నాకు ఎడమ పక్కన ఉండేది. ఎడమ, గుర్తుపెట్టుకోమను.”

పళ్ళ మేస్త్రి గుర్తుపెట్టుకున్నాడు. అతని వృత్తిలో కుడి ఎడమలంటే ప్రాణంతో సమానం. ఎదుటివాడు నోరు తెరిస్తే, మనకి కుడి పక్క కనబడేది అతనికి ఎడమ. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి తికమకపడి అటు పన్ను ఇటు పెట్టేశాడు. గురువు తిట్టలేదు, రెక్క పట్టుకుని తీసుకెళ్ళి రోగి కుర్చీలో కూర్చోబెట్టి “ఇప్పుడు చెప్పరా, ఎడమ ఏది?” అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ తప్పలేదు. విమానం ఎడమంటే, ముక్కు వైపు మొహం పెట్టుకుని కూర్చున్న పైలట్‌కి ఎడమ. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకునేదేముంది అనుకున్నాడు.

నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి తొడుగులు చేసే చిన్న యంత్రం ఒకటి అతని ల్యాబులో ఉంది. ప్లాస్టిక్ బిళ్ళని వేడిచేసి, మెత్తబడగానే పంటి అచ్చు మీద వాల్చి, కింద నుంచి గాలి లాగేస్తుంది. బిళ్ళ ఆ అచ్చుకి చర్మంలా అతుక్కుపోతుంది. విమానం కూడా అలాగే చేస్తానన్నాడు. కాకపోతే ఇది భోజనాల బల్లంత రెక్కలున్న విమానం. అందుకని భార్య కేకుల ఓవెన్ పొయ్యి అయింది, ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గాలి లాగే యంత్రమైంది, చిల్లులు పొడిచిన చెక్కపెట్టె వాటి మధ్య పీట అయింది. ఫోటోలు చూసుకుంటూ మెత్తటి చెక్కతో అచ్చులు చెక్కాడు. ఓవెన్లో పట్టాలి గనక విమానం ఒంటిని ముందు భాగం, వెనక భాగం అని విడగొట్టి, ఒక్కోదాన్ని మళ్ళీ నిలువునా రెండు చెక్కలు చేశాడు.

మొదటి ప్లాస్టిక్ పలక ఎక్కువ వేడెక్కి ఓవెన్ చువ్వల మీదికి జారి కూర్చుంది. రెండోది సరిగ్గా వేడెక్కలేదు, విమానానికి నీరు పట్టిన మొహం వచ్చింది. మరోసారి పలక ఉయ్యాలలా కిందికి దిగేదాకా ఓపికపట్టి, చటుక్కున లాగి అచ్చు మీద బోర్లించి “వెయ్యి!” అని అరిచాడు. భార్య వాక్యూమ్ క్లీనర్ స్విచ్ వేసింది. ‘జుయ్’మని ఒక్క పీల్పు! తెల్లటి పలకలోంచి విమానం ముక్కు, దాని కింద గడ్డం, అద్దాల గుంటలు కళ్ళముందే పైకి తేలాయి.

“అమ్మ బాబోయ్!” అంది ఆవిడ. తలుపు సందులోంచి చూస్తున్న మామగారు గబుక్కున తల వెనక్కి లాక్కున్నారు.

ఇక ఇల్లు పీకి పందిరేసినట్టయింది. పలకలోంచి కోసిన ప్రతి ముక్కకీ చుట్టూ అంచు మిగులుతుంది, దాన్ని అరగదీయాలి. గరుకు కాగితాన్ని చదునైన పీట మీద అతికించి, ముక్కని బోర్లించి, మిరపకాయలు నూరుతున్నట్టు గుండ్రంగా తిప్పుతూ కూర్చునేవాడు. ముందుగా గీసుకున్న పెన్సిలు గీత చెరిగేలోపు ఆపాలి. ఆపకపోతే విమానం చిక్కిపోతుంది. ఆ తెల్ల పొడి మంచాల మీద, పుస్తకాల మీద, మామగారి కనుబొమల మీద. కేకులు కొనేవాళ్ళలో ఒకావిడ ఫోన్ చేసి “అంతా బాగుందండీ, కానీ తింటుంటే కొత్త కారులో కూర్చున్నట్టుందేమిటి?” అని అడిగింది. ఆ కేకు ఊరికే ఇవ్వాల్సొచ్చింది. భోజనాల బల్లని విమానం ఆక్రమించాక, ముగ్గురూ ఒళ్ళో కంచాలు పెట్టుకుని తిన్నారు. ఉప్పు సీసా మాత్రం యథాప్రకారం కూతురి నోటి మీదుగానే నడిచింది.

చెక్కలు రెండూ కలిపి అతికించేటప్పుడు అతుకు మధ్య సందు మిగిలింది. లప్పం పెడదామంటే ఎండి నెర్రెలిచ్చింది. మేస్త్రి తన సామానే, కట్టుడు చిగుళ్ళకి వాడే ముద్దనే, బయటికి తీసి సందులో కూరాడు. ముక్కు నుంచి తోకదాకా అతుకంతా గులాబీ రంగులో తేలింది.

మామగారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి “అమ్మా, విమానానికి చిగుళ్ళు మొలిచాయి. పళ్ళు ఎప్పుడు పెడతాడో అడుగు” అన్నారు.

“రంగేస్తే కనబడదని చెప్పు” అన్నాడు మేస్త్రి. కానీ ఆ రోజు లోపల్లోపల సంతోషపడ్డాడు. వెటకారమైనా, అంతసేపు ఆయన తన పనినే చూస్తూ నిలబడ్డారు కదా.

బూడిద రంగు వేశాడు. చక్రాలు పెట్టాడు. వెనక తలుపు దగ్గర, ఎడమ పక్కన, గుండ్రటి కిటికీ బదులు గోరంత చదరపు రేకు అతికాడు. దాని చుట్టూ మేకుల తలలు కూడా సూదితో పొడిచాడు. ఆదివారం పొద్దున్న మామగారిని పిలవమని భార్యకి చెప్పి, చొక్కా మార్చుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మామగారు వచ్చారు. మేస్త్రి విమానం కింద పెట్టిన దిమ్మలు తీశాడు. విమానం మెల్లగా ముక్కు పైకెత్తి, తోక మీద చతికిలబడింది.

మామగారు పకపకా నవ్వారు. చిగుళ్ళన్నీ కనబడేలా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. “అమ్మా, మీ ఆయనతో చెప్పు, సామానంతా వెనకాల సర్దితే అది అలాగే కూర్చుంటుందని!” తోక పొడుగు, బరువంతా వెనకే. ముక్కులో ఏదో బరువు పెట్టాలన్న సంగతి అంత పనిమంతుడూ మరిచిపోయాడు. అది సర్దుకునేదేలే అనుకుంటూ అతనూ సిగ్గుపడి నవ్వాడు. అంతలో మామగారు ఇటు పక్కకి వచ్చి రేకు చూశారు. నవ్వు ఆగిపోయింది.

“ఇది నా విమానం కాదు.”

“ఎందుకు కాదట?” అన్నాడు మేస్త్రి.

“ఎందుకు కాదట నాన్నా?”

“రేకు ఎడమ పక్క ఉండాలని చెప్పాను. ఇటు కాదు, అటు పక్క.”

“అది కుడి అని చెప్పు! విమానానికి ఎడమ ఇదే.”

“అది కుడట నాన్నా, ఎడమ ఇదేనట.”

“నేను కూర్చున్న చోటు నాకు తెలీదా? నాకు ఎడమో కుడో ఆయన చెప్తాడా?”

“నీకు తెలీదా అంటున్నారండీ...”

“వినబడింది!”

ఎడమ, కుడి, కుడి, ఎడమ. పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇద్దరూ పంతం పట్టారు. ఆవిడ మెడ ఇటూ అటూ తిరిగి తిరిగి పట్టేసింది. చివరికి అందివ్వాల్సిన కేకు పెట్టె చేతిలోకి తీసుకుని గుమ్మంలో నిలబడింది.

“ఇంక నావల్ల కాదు. ఇన్నేళ్ళూ ఉప్పు మోశాను, పప్పు మోశాను, తిట్లు కూడా తేనె పూసి మోశాను. ఇప్పుడు కుడి ఎడమలు కూడానా! మీరూ మీరూ తేల్చుకోండి” అని, నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఇద్దరు మగవాళ్ళూ, తోక మీద కూర్చున్న విమానమూ మిగిలారు.

మామగారు గదంతా కలయజూశారు. మాట వెళ్ళడానికి దారి లేదు. ఆఖరికి మూలనున్న యంత్రం వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

“అమ్మా వాక్యూమ్ క్లీనరూ, ఆయనతో చెప్పు. నేను అబద్ధమాడే మనిషిని కానని.”

మేస్త్రికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. “మామయ్యగారు అబద్ధమాడరని నాకూ తెలుసు. నేనూ ఎడమని తప్పలేదు. అదే అంతు చిక్కడం లేదని చెప్పు” అన్నాడు, అతనూ దానితోనే. అన్నాక, ఎప్పుడో గురువు రెక్క పట్టుకుని కూర్చోబెట్టిన కుర్చీ గుర్తొచ్చింది. ఒక ముక్కాలి పీట తెచ్చి విమానం వెనక భాగం పక్కన వేశాడు. “ఒక్కసారి కూర్చుని చూపించమను. అప్పుడు ఎలా కూర్చునేవారో అచ్చం అలాగే.”

మామగారు గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నారు. కూర్చోగానే నడుము నిటారైంది. లేని పట్టీ ఒకటి భుజం మీంచి లాగి బిగించుకున్నారు. వీపు విమానం ముక్కు వైపు పెట్టారు, మొహం తోక వైపు. “ఇదిగో, ఎదురుగా తలుపు. ఇదిగో రేకు” అని ఎడమ చెయ్యి చాపారు.

ఆ చెయ్యి చూపించింది విమానానికి కుడి పక్కని.

మామగారు తన చెయ్యి చూసుకున్నారు. విమానాన్ని చూశారు. మళ్ళీ చెయ్యి చూసుకున్నారు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

“తలుపు తెరుచుకునేది అటే కదా. సామాను వచ్చేదీ అటే, పోయేదీ అటే. నేను చూడాల్సింది అటే” అన్నారు మెల్లగా. తర్వాత ఇంకా మెల్లగా, “ఎన్ని చోట్లకి వెళ్ళాను! ఒక్కసారైనా ముందుకి చూడలేదయ్యా అల్లుడూ. అన్ని చోట్లకీ వీపు పెట్టుకునే వెళ్ళాను.”

మేస్త్రి అలవాటు కొద్దీ వాక్యూమ్ క్లీనర్ వైపు చూశాడు.

“దాన్నెందుకు చూస్తావ్? నీతోనే అంటున్నా” అన్నారు మామగారు.

ఏళ్ళ తరబడి ఆ ఒక్క మాట వస్తే ఏం జవాబు చెప్పాలో మేస్త్రి ఎన్ని విధాల అనుకుని పెట్టుకున్నాడో! ఒక్కటీ నోటికి రాలేదు. “రేకు అటు మారుస్తానండీ. సాయంత్రానికి అయిపోతుంది” అన్నాడంతే.

“మార్చు. నేను చెప్పింది తప్పు కాదు, నువ్వు పెట్టింది తప్పు కాదు. సరేనా?” అని మామగారు పీట మీంచే న్యాయం తేల్చేశారు. “ఆ పళ్ళ సంగతి మాత్రం తప్పు నీదే. నోరు మూసుకుని కూర్చోమని నన్ను గదమాయించి ఉండాల్సింది.”

“మిమ్మల్నెలా గదమాయిస్తానండీ!”

“అదే నీ తప్పు. సర్లే, ముందు దీన్ని తోక మీంచి లేపు, చూడలేకపోతున్నాను. ముక్కులో బరువెయ్యి.”

మేస్త్రి లోపలి అలమర పైఅరలోంచి పాత గుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి విప్పాడు. రాయిలా గట్టిపడ్డ ప్లాస్టర్ దవడలు, పైదీ కిందదీ.

“ఇదేమిటి?”

“మీ నోరే మామయ్యగారూ. అప్పటి అచ్చుది. వంకరదే. పారెయ్యడానికి చేతులు రాలేదు.”

మామగారు తన నోటిని చేతిలోకి తీసుకుని తూకం చూశారు, ఇలాంటివి చూడడంలో ఆయన చెయ్యి త్రాసు. “సరిపోతుంది” అన్నారు. ముక్కు కొనని కత్తితో విప్పి, దవడలు రెండూ లోపల పెట్టి దూది కుక్కగానే, విమానం నెమ్మదిగా వంగి ముందు చక్రం బల్ల మీద ‘టక్’మని ఆన్చింది. మామగారి నోటి బరువెంతో ఆ ఇంట్లో అందరికీ ఎప్పుడో తెలుసు. విమానానికి ఆ రోజు తెలిసింది.

కూతురు తిరిగొచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు. కొట్టుకున్నారేమోనని పరుగున లోపలికి వచ్చింది. తండ్రి కుర్చీలో నిటారుగా, నోరంతా గులాబీ రంగు ముద్దతో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మొగుడు ఆయన గడ్డం పట్టుకుని వంగి ఉన్నాడు. కూతుర్ని చూడగానే ఆయన “ఊ... ఊ...” అన్నారు.

“కదలద్దు మామయ్యగారూ! నోరు... ఆ, అంతే!” అని గదమాయించాడు మేస్త్రి.

“ఏమండీ, నాన్న ఏదో అంటున్నారు” అంది ఆవిడ, పాత అలవాటు చొప్పున.

“నీకే. ముద్ద పెట్టేముందు నాకు చెప్పి పెట్టారు, నువ్వు రాగానే చెప్పమని.”

“నాకా? ఏమని?”

“‘మా ఇద్దరి బస్తాలూ ఇన్నాళ్ళు నువ్వే మోశావు. ఇక దించెయ్యమ్మా’ అన్నారు.”

ఆవిడ ఖాళీ కేకు పెట్టె పట్టుకుని అలాగే నిలబడింది. నిజమా అన్నట్టు తండ్రి వైపు చూసింది. తల ఊపడానికి ఆయనకి అనుమతి లేదు. ఊపలేదు. జీవితంలో మొదటిసారి చెప్పిన మాట విని కూర్చున్నారు. కళ్ళలోంచి మాత్రం బొటబొటా నీళ్ళు కారుతున్నాయి. కదలకూడదు గనక తుడుచుకోలేదు, కూతురే వచ్చి కొంగుతో తుడిచింది. ముద్ద ఘాటుకి కళ్ళు మండాయని ఆయన తర్వాత అందరితో చెప్పుకున్నారు. ఆ ముద్దకి ఘాటేమీ ఉండదు. ఆ సంగతి పళ్ళ మేస్త్రి ఎవరితోనూ అనలేదు.